చిన్న పిస్టల్: రీకాయిల్‌ను అదుపు చేయడం, గురి కుదుర్చుకోవడం - తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న పిస్టల్ కాల్చడం సులువని చాలామంది అనుకుంటారు. మొదటి మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) అయ్యేసరికి ఆ అభిప్రాయం పోతుంది. అరచేయి మండుతుంది, టార్గెట్ మీద రంధ్రాలు ఎక్కడెక్కడో ఉంటాయి, తప్పు తనదో పిస్టల్‌దో అర్థం కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్ల పక్కన రేంజ్‌లో నిలబడి నేను మళ్లీ మళ్లీ విన్న ప్రశ్నలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇవి.

ముందు ఒక మాట. ఇదంతా చట్టప్రకారం ఆయుధం ఉన్నవాళ్లకి, అనుమతి ఉన్న రేంజ్‌లో, కోచ్ దగ్గర ఉండగా సాధన చేసేవాళ్లకి. ప్రతి పిస్టల్‌నీ లోడ్ అయి ఉన్నట్టే చూడాలి. నాశనమైనా ఫర్వాలేదనుకున్న దాని వైపు తప్ప మూతిని (గొట్టం ముందు కొసను) దేనివైపూ తిప్పకూడదు. సైట్లు (గురి చూసే గుర్తులు) టార్గెట్ మీదికి వచ్చేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లకూడదు. టార్గెట్ ఏమిటో, దాని వెనక ఏముందో తెలిసి ఉండాలి. ఈ నాలుగూ అలవాటు కానివాళ్లకి కింద రాసినవేవీ ఇంకా అవసరం లేదు.

పిస్టల్ చిన్నదైతే తన్ను (రీకాయిల్, అంటే కాల్చినప్పుడు పిస్టల్ వెనక్కి తోసే దెబ్బ) కూడా చిన్నగానే ఉండాలి కదా?

లేదు, దీనికి సరిగ్గా వ్యతిరేకం. రౌండ్ అంటే బుల్లెట్, మందు, వాటిని పట్టి ఉంచే కేస్ కలిసిన తూటా. 9 ఎం.ఎం. రౌండ్‌లో తరచుగా వాడే 115 గ్రెయిన్ల బుల్లెట్ సుమారు 7.5 గ్రాములు ఉంటుంది. అది సెకనుకు 350 మీటర్లకు అటూఇటూగా ముందుకు దూకుతుంది. దాంతోపాటు వేడి వాయువు కూడా బయటికి చిమ్ముతుంది. ఆ రెండూ ముందుకు వెళ్లిన జోరుకి సరిసమానమైన జోరు పిస్టల్‌ను వెనక్కి తోస్తుంది. ఇప్పుడు అదే రౌండ్‌ను ఒకసారి 900 గ్రాముల పిస్టల్‌లో, ఒకసారి 450 గ్రాముల పిస్టల్‌లో కాల్చారనుకోండి. తేలికైనది దాదాపు రెట్టింపు వేగంతో వెనక్కి వస్తుంది. చేతికి తగిలే శక్తి కూడా దాదాపు రెట్టింపే.

బరువు ఒక్కటే కాదు. గొట్టం మీ చేతికి పైన ఉంటుంది. వెనక్కి తోసే బలం ఆ ఎత్తులో పనిచేస్తుంది కాబట్టి పిస్టల్ నేరుగా వెనక్కి రాకుండా, మణికట్టు దగ్గర కీలు ఉన్నట్టు మూతి పైకి లేస్తుంది. పెద్ద పిస్టల్‌లో మూతి వైపున్న బరువు దీన్ని కొంత ఆపుతుంది. చిన్నదానిలో ఆ బరువూ లేదు, పట్టుకోవడానికి పిడి కూడా సరిపోదు. చిటికెన వేలు గాల్లో వేలాడుతుంది.

లోపలి నిర్మాణం కూడా లెక్కలోకి వస్తుంది. .380 రౌండ్ 9 ఎం.ఎం. కంటే బలహీనమైనది. అయినా కొన్ని పాత తరహా .380 పిస్టల్స్ చేతిని గట్టిగా కొడతాయి. వాటిలో గొట్టం కదలదు. స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కి జరిగే భాగం) బరువు, స్ప్రింగ్ బిగువు మాత్రమే పేలుడును ఆపుతాయి. దీన్ని బ్లోబ్యాక్ అంటారు. గొట్టమూ స్లైడూ కొంతదూరం కలిసి వెనక్కి వచ్చి తర్వాత విడిపోయే రకంలో దెబ్బ కాస్త మెత్తగా తెలుస్తుంది. కాబట్టి కొనేముందు రౌండ్ పేరు ఒక్కటే చూడకండి, వీలైతే కాల్చి చూడండి.

బుల్లెట్ వెళ్లిపోయాకే కదా పిస్టల్ ఎగిరేది? మరి గురి ఎందుకు తప్పుతుంది?

ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. చిన్న పిస్టల్ గొట్టం 75, 80 మిల్లీమీటర్లు ఉంటుంది. బుల్లెట్ అందులోంచి బయటపడడానికి ఒక మిల్లీసెకను కూడా పట్టదు. ఆ లోపు పిస్టల్ కదిలేది చాలా కొద్దిగా. ఆ కొద్దిపాటి కదలికను సైట్లు తయారుచేసేటప్పుడే లెక్కలోకి తీసుకుంటారు. మూతి పైకి లేచినట్టు మీకు కనిపించేదంతా దాదాపుగా బుల్లెట్ వెళ్లిపోయాక జరిగేదే.

మనిషి దేనికైనా స్పందించడానికి ఎంత తక్కువనుకున్నా సెకనులో ఆరేడో వంతు పడుతుంది. అంటే బుల్లెట్ గొట్టంలో ఉన్నప్పుడు మీరు రీకాయిల్‌కు స్పందించడం అసాధ్యం. బుల్లెట్ పక్కకు పోయిందంటే, పిస్టల్ తన్నడం వల్ల కాదు, తన్నబోతోందని మీ శరీరం ముందే సిద్ధపడడం వల్ల. మణికట్టు కిందికి వంగుతుంది, వేళ్లన్నీ ఒక్కసారి బిగుసుకుంటాయి, భుజం ముందుకు తోస్తుంది, కళ్లు మూసుకుంటాయి. దీన్నే ఫ్లించ్ అంటారు.

అందుకే రీకాయిల్‌ను, గురిని రెండు వేరు వేరు పనులుగా చూడమంటాను. బుల్లెట్ వెళ్లేలోపు చేయాల్సింది: సైట్లు కదలకుండా ట్రిగ్గర్ నొక్కడం. వెళ్లాక చేయాల్సింది: లేచిన మూతిని తిరిగి అదే చోటికి రానివ్వడం. మొదటిదానికి నిమ్మళం కావాలి, రెండోదానికి పట్టు కావాలి. రెండూ కలిపేసి "రీకాయిల్‌తో పోరాడుతున్నాను" అనుకున్నంతకాలం టార్గెట్ మీద బాగుపడడం నేను చూడలేదు.

నేను ఫ్లించ్ అవుతున్నానని ఎలా తెలుసుకోవాలి?

మీకు తెలియదు. పిస్టల్ చెబుతుంది. డమ్మీ రౌండ్లు, అంటే మందు లేని ఉత్తుత్తి రౌండ్లు, రెండు మూడు తెచ్చుకోండి. తోడుగా ఉన్నవాళ్లని మీరు చూడకుండా అసలు రౌండ్ల మధ్య వాటిని కలిపి మ్యాగజైన్ నింపమనండి. మామూలుగా కాలుస్తూ వెళ్లండి. డమ్మీ వచ్చినప్పుడు పేలదు, టక్‌మని ఒక చప్పుడు మాత్రం వస్తుంది. ఆ క్షణంలో మూతి కిందికి గుచ్చుకుందా, కదలకుండా నిలిచిందా చూడండి.

నా సంగతి చెబుతాను. నా పిస్టల్ సైట్లే సరిగా లేవని చాలా రోజులు నమ్మాను. ప్రతి బుల్లెట్టూ ఎడమ వైపు కిందికే పడేది. ఒకరోజు కోచ్ నాకు చెప్పకుండా డమ్మీ పెట్టారు. టక్‌మన్నప్పుడు మూతి కనీసం రెండంగుళాలు కిందికి దూకింది. నా చెయ్యి అంత పని చేస్తోందని నాకు ఏమాత్రం తెలియదు. ఆ రోజు నేను సైట్లు ముట్టుకోలేదు, తర్వాత కూడా ముట్టుకోవాల్సిన అవసరం రాలేదు.

ఒక జాగ్రత్త. మీరు డమ్మీ పెట్టని సమయంలో పిస్టల్ పేలకపోతే, మూతిని టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి. ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది. అలాగే "పఫ్" మని చిన్న శబ్దం వచ్చి తన్ను లేకపోతే వెంటనే ఆపేయండి. బుల్లెట్ గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకొకటి కాలిస్తే పిస్టల్ పగిలిపోవచ్చు.

ఫ్లించ్ పోవాలంటే?

మనసుకి నచ్చజెబితే పోదు. శరీరానికి కొత్త అలవాటు వేయాలి. డమ్మీలు కలిపి కాల్చడమే పరీక్షా, అదే మందు కూడా. దానితోపాటు .22 పిస్టల్ దొరికితే కొన్ని రోజులు దానితో కాల్చండి. .22 బుల్లెట్ 2.6 గ్రాములే, తన్ను నామమాత్రం. భయం లేని చోట ట్రిగ్గర్ నొక్కడం నేర్చుకుని, చివర్లో మీ పిస్టల్‌తో పదో పదిహేనో కాల్చి ఆపేయండి. ఒక మ్యాగజైన్‌లో ఒకే రౌండ్ పెట్టి కాల్చడం కూడా పనిచేస్తుంది. తర్వాతి దెబ్బ గురించిన టెన్షన్ ఉండదు కాబట్టి, ఈ ఒక్కటి ఎలా వెళ్లిందో గమనించే తీరిక దొరుకుతుంది.

శబ్దాన్ని తక్కువ అంచనా వేయకండి. చాలామంది భయపడేది తన్నుకు కాదు, పేలుడు చప్పుడుకు. గొట్టం పొట్టిదైతే ఆ చప్పుడు, మంట రెండూ ముఖానికి దగ్గరగా వస్తాయి. పిస్టల్ పేలుడు సాధారణంగా 150 డెసిబెల్స్ దాటుతుంది. 140 దగ్గరే వినికిడికి ప్రమాదం. చెవిలో ప్లగ్, దాని మీద మఫ్, రెండూ పెట్టుకోండి, కప్పు ఉన్న రేంజ్‌లో మరీనూ. రెండూ పెట్టుకున్న రోజే సగం ఫ్లించ్ పోయినవాళ్లను చూశాను.

పిడి ఎలా పట్టుకోవాలి?

ఎంత పైకి వీలైతే అంత పైకి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న సందు పిడి వెనక భాగంలో పైకంటా వెళ్లి ఆనుకోవాలి. గొట్టానికీ చేతికీ మధ్య ఎత్తు తగ్గినకొద్దీ మూతి లేవడం తగ్గుతుంది. మరీ పైకి వెళ్లి స్లైడ్ దారిలో చర్మం ఉంటే మాత్రం అది వెనక్కి వచ్చేటప్పుడు కోసుకుపోతుంది. కండ ఉన్న చేతులవాళ్లు చిన్న పిస్టల్స్‌తో ఇది తప్పకుండా చూసుకోవాలి.

గొట్టం మీ ముంజేతి ఎముకతో ఒకే వరసలో ఉండాలి. అలా ఉంటే తన్ను బొటనవేలి కీలు మీద పడకుండా చెయ్యంతటి మీదికీ పోతుంది. చిన్న చేతులవాళ్లు ట్రిగ్గర్ అందడానికి పిస్టల్‌ను పక్కకి తిప్పి పట్టుకుంటారు. అప్పుడు దెబ్బంతా బొటనవేలి మొదట్లో తగులుతుంది. పిడి వెనక మార్చుకునే భాగాలు ఉంటే సన్నది వేసుకోండి.

ఇక రెండో చెయ్యి. పట్టు అంతా ఇక్కడే ఉంది. కాల్చే చెయ్యి పిడిని చుట్టాక పక్కన కొంత ఖాళీ మిగులుతుంది కదా, రెండో అరచేయి ఆ ఖాళీలో సరిగ్గా కూర్చోవాలి. దాని నాలుగు వేళ్లు కాల్చే చేతి వేళ్ల మీదుగా, ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉన్న కమ్మీ) కిందికి ఆనుకుని చుట్టుకోవాలి. రెండో మణికట్టును కొంచెం ముందుకు వంచి బిగిస్తే మూతి లేవకుండా తాళం వేసినట్టు ఉంటుంది. బొటనవేళ్లు రెండూ ఒకే వైపు, ఒకదాని కింద ఒకటి, ముందుకు చూస్తూ ఉంటాయి. రెండో చెయ్యిని కింద టీ కప్పుకి సాసర్‌లా పెడితే అందంగా ఉంటుంది కానీ ఏ పనీ చేయదు.

రెండు విషయాల్లో తప్పు చేయొద్దు. పిస్టల్ అయితే రెండో చేతి బొటనవేలిని స్లైడ్ వెనక అడ్డంగా పెట్టకండి, స్లైడ్ వచ్చి కొడుతుంది. రివాల్వర్ అయితే బొటనవేళ్లు ముందుకు చాచకండి. రౌండ్లు ఉండి తిరిగే సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సందులోంచి వేడి వాయువు కత్తిలా చిమ్ముతుంది. రివాల్వర్‌కు బొటనవేళ్లను కిందికి ముడిచి ఒకదాని మీద ఒకటి వేయడమే మంచిది.

ఎంత గట్టిగా?

రెండో చెయ్యి గట్టిగా, కాల్చే చెయ్యి కాస్త తక్కువగా. కాల్చే చేతిని పూర్తి బలంతో బిగిస్తే చూపుడువేలు స్వేచ్ఛగా కదలదు. ఇప్పుడే చేసి చూడండి: పిడికిలి బలంగా బిగించి, చూపుడువేలిని మాత్రం వేగంగా ఆడించండి. తర్వాత పిడికిలి కొంచెం వదిలి మళ్లీ ఆడించండి. తేడా వెంటనే తెలుస్తుంది.

బిగువు కంటే ముఖ్యమైనది అది మారకపోవడం. మొదటి షాట్‌కు ఒకలా, మూడోదానికి ఇంకోలా పట్టుకుంటే మూతి ప్రతిసారీ వేరే దారిలో లేస్తుంది. చేతులు వణకడం మొదలైతే అవసరానికి మించి బిగించినట్టు. ప్రతి షాట్ తర్వాత పట్టు సర్దుకోవాల్సి వస్తే తక్కువైనట్టు.

ట్రిగ్గర్ ఎలా నొక్కాలి?

ఒక లెక్క చూడండి. చిన్న పిస్టల్ బరువు 500 గ్రాములనుకుందాం. దాని ట్రిగ్గర్ కదలాలంటే సుమారు 2.5 కిలోల బలం కావాలి. పిస్టల్ బరువుకి ఐదు రెట్ల బలంతో ఒక వేలు లాగుతుంటే, ఆ పిస్టల్ కదలకుండా ఉండాలి! చిన్న రివాల్వర్‌లో హ్యామర్‌ను (పేల్చే సుత్తిని) కూడా ట్రిగ్గరే లేపాలి కాబట్టి 5 కిలోల దాకా వెళుతుంది. అదే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీల్లో పిస్టల్ బరువు కిలో దాకా ఉంటుంది, ట్రిగ్గర్‌కు నియమం ప్రకారం కనీస బరువు 500 గ్రాములే. అక్కడి షూటర్ ఒంటి చేత్తో అంత నిలకడగా కాల్చగలగడానికి సాధన ఒక కారణమైతే ఈ లెక్క ఇంకో కారణం. మీ చిన్న పిస్టల్ అంతకంటే మొండిది. ముందే తెలిస్తే నిరుత్సాహం ఉండదు.

వేలి చివరి కణుపు మధ్యభాగం ట్రిగ్గర్ మీద ఉండడం మంచి మొదలు. బరువైన ట్రిగ్గర్‌కి మొదటి కీలు దగ్గరదాకా వేలు పెట్టాల్సి రావొచ్చు. ఇది సిద్ధాంతం కాదు, చేతి కొలత. ఖాళీ పిస్టల్‌తో నొక్కి చూడండి. ఫ్రంట్ సైట్ (మూతి వైపున్న గుర్తు) పక్కకి జరగకుండా ఏ చోట నొక్కితే బాగుందో ఆ చోటే మీది.

మొదట ట్రిగ్గర్‌లో ఉన్న వదులు తీసేయండి. బిగువు తగిలిన చోట నుంచి, ఆపకుండా, బలం పెంచుతూ పోండి. "ఇప్పుడు సైట్లు సరిగ్గా కుదిరాయి, ఇప్పుడే కాల్చేయాలి" అనిపించే క్షణం ఒకటి వస్తుంది. దానికి లొంగకండి. ఆ తొందరలో నొక్కిన షాటే పక్కకు పోతుంది. సైట్లు కొంచెం ఊగుతూనే ఉంటాయి, ఊగనివ్వండి. ఎందుకో తర్వాతి జవాబులో చెబుతాను.

పేలాక వేలు వెంటనే వదిలేయకండి. ట్రిగ్గర్‌ను వెనకే పట్టి ఉంచి, సైట్లు తిరిగి టార్గెట్ మీదికి వచ్చాక మెల్లగా వదలండి. టిక్‌మని ఒక చిన్న శబ్దం, స్పర్శ తెలుస్తాయి. ట్రిగ్గర్ తర్వాతి షాట్‌కి సిద్ధమైన చోటు అది. రివాల్వర్‌లో, కొన్ని చిన్న పిస్టల్స్‌లో మాత్రం పూర్తిగా ముందుకు వదలాలి.

చెయ్యి వణుకుతోంది, ఎలా ఆపాలి?

ఆపనక్కర్లేదు. చిన్న పిస్టల్‌లో ఫ్రంట్, రియర్ సైట్ల మధ్య దూరం సుమారు 130 మిల్లీమీటర్లు. కంటి వైపున్న రియర్ సైట్ గాడిలో ఫ్రంట్ సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే, 10 మీటర్ల దూరంలో బుల్లెట్ సుమారు 77 మిల్లీమీటర్లు తప్పుతుంది. సైట్ల మధ్య 165 మిల్లీమీటర్లు ఉన్న పెద్ద పిస్టల్‌లో అదే పొరపాటుకి సుమారు 61 మిల్లీమీటర్లు. కానీ సైట్లు ఒకదానితో ఒకటి కుదిరి ఉండి, పిస్టల్ మొత్తం 5 మిల్లీమీటర్లు పక్కకి ఊగితే? బుల్లెట్ కూడా ఆ 5 మిల్లీమీటర్లే పక్కకి పడుతుంది.

కాబట్టి చెయ్యి ఊగడం చిన్న తప్పు. సైట్ల పొందిక చెడడం పెద్ద తప్పు. చూపు ఫ్రంట్ సైట్ మీద ఉండాలి, దాని అంచు పదునుగా కనిపించాలి. టార్గెట్ కొంచెం మసకగా కనిపిస్తుంది, ఫర్వాలేదు. గాడిలో రెండు పక్కలా వెలుగు సమానంగా, పై అంచులు ఒకే ఎత్తులో ఉంటే చాలు. నలభై దాటినవాళ్లకి ఫ్రంట్ సైట్ స్పష్టంగా కనిపించకపోవచ్చు. ఆ దూరానికి తగ్గ కళ్లద్దాలు చేయించుకోవచ్చు, లేదా గాజులో ఎర్ర చుక్క చూపే రెడ్ డాట్ సైట్ వాడొచ్చు. డాట్ వాడినప్పుడు చూపు టార్గెట్ మీదే ఉంటుంది, ఆ హాయి వేరు.

ఒక కన్ను మూయాలా?

రెండూ తెరిచి ఉంచగలిగితే మంచిది. సైట్లు రెండుగా కనిపిస్తుంటే, గురి చూడని కంటి అద్దం మీద చిన్న టేప్ ముక్క అతికించండి. కుడిచేతివాళ్లకి ఎడమకన్ను బలమైనదైతే పిస్టల్‌ను ఎడమకన్ను ముందుకి కొంచెం జరపండి, తలను వంచకండి.

నిలబడే తీరు ముఖ్యమా?

ముఖ్యమే, కానీ చాలామంది దీని గురించే ఎక్కువ వాదిస్తారు. భుజాల వెడల్పున కాళ్లు, రెండోచేతి వైపు కాలు అరడుగు ముందుకి, మోకాళ్లు బిగించకుండా, నడుము పైభాగం కొద్దిగా ముందుకి. బరువు మడమల మీద ఉంటే రెండో షాట్‌కే వెనక్కి వాలిపోతారు. కొత్తవాళ్లు తెలియకుండా వీపు వెనక్కి వంచుతారు, పిస్టల్‌ను ముఖానికి దూరంగా ఉంచాలన్నట్టు. అదీ భయమే. చేతులు చాచాలి కానీ మోచేతులకి తాళం వేసినట్టు బిగించకూడదు.

నా పిస్టల్ మాటిమాటికీ జామ్ అవుతోంది. పిస్టల్ లోపమా?

కావచ్చు. కానీ ముందు మణికట్టు చూసుకోండి. స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్లాలంటే, పిస్టల్ కింది భాగం మీ చేతిలో స్థిరంగా ఉండాలి. మణికట్టు వదులుగా ఉంటే స్లైడ్‌తోపాటు పిస్టల్ మొత్తం వెనక్కి వస్తుంది. స్లైడ్ ప్రయాణం సగంలో ఆగిపోతుంది, ఖాళీ కేస్ బయటికి పోకుండా నిలువుగా ఇరుక్కుంటుంది. తేలికైన పిస్టల్స్‌లో ఇది ఎక్కువ. అదే పిస్టల్‌ను అనుభవం ఉన్నవాళ్లు ఇరవై రౌండ్లు కాలిస్తే ఒక్కసారి కూడా జామ్ కాకపోతే, జవాబు దొరికినట్టే. వాళ్ల చేతిలోనూ అయితే మ్యాగజైన్, స్ప్రింగ్, రౌండ్ల రకం మార్చి చూడండి. జామ్ తీసేటప్పుడు మూతి టార్గెట్ వైపే, వేలు ట్రిగ్గర్ బయటే.

ఏ రౌండ్లతో తన్ను తగ్గుతుంది?

9 ఎం.ఎం.లో 115, 124, 147 గ్రెయిన్ల బుల్లెట్లు మామూలుగా దొరుకుతాయి. తేలికైనది వేగంగా వెళుతుంది, దెబ్బ చురుక్కుమంటుంది. 147 నెమ్మదిగా వెళుతుంది, చేతికి తోసినట్టు ఉంటుంది. నాకైతే చిన్న పిస్టల్‌లో ఈ తోపే నయమనిపిస్తుంది, కానీ ఇది చేతిని బట్టి. మూడూ పదేసి కాల్చి చూడండి. దగ్గరి దూరాల్లో బరువైన, నెమ్మదైన బుల్లెట్ సాధారణంగా కొంచెం పైన తగులుతుందని గుర్తుంచుకోండి. అది గొట్టంలో కాస్త ఎక్కువసేపు ఉంటుంది, అప్పటికి మూతి కొద్దిగా లేస్తుంది. ప్లస్ పి అని రాసి ఉన్న రౌండ్లలో పీడనం ఎక్కువ. తయారీదారు ఒప్పుకుంటేనే వాడాలి, సాధనకి అసలు అవసరం లేదు.

.357 మ్యాగ్నం రివాల్వర్ ఉన్నవాళ్లు అందులో .38 స్పెషల్ కాల్చి సాధన చేయొచ్చు. తేడా చాలా ఉంటుంది. .38 రివాల్వర్‌లో .357 మాత్రం ఎప్పటికీ వద్దు. మరీ తేలికైన రివాల్వర్లలో ఇంకో చిక్కు ఉంది. తన్ను జోరుకి సిలిండర్‌లో మిగిలిన రౌండ్ల బుల్లెట్లు కేస్‌లోంచి ముందుకి జారి సిలిండర్ తిరగకుండా ఆపేస్తాయి.

అదనపు సామాను కొంటే గురి బాగుపడుతుందా?

మ్యాగజైన్ అడుగున చిటికెన వేలు ఆనేలా పొడిగించే భాగం, పిడికి గరుకు పట్టు, ఈ రెండింటికీ డబ్బు పెట్టొచ్చు. చెమట చేతులవాళ్లకి గరుకు టేపే పెద్ద మేలు చేస్తుంది. వాయువును పైకి వదిలి మూతిని కిందికి నొక్కే కాంపెన్సేటర్లు నిజంగా పనిచేస్తాయి, కానీ చప్పుడు, మంట పెరుగుతాయి. వాటితో చిన్న పిస్టల్ పొడవు కూడా అవుతుంది. ట్రిగ్గర్ బలం తగ్గించే మార్పులు కొత్తవాళ్లు చేయించుకోవద్దు. మిగిలిన డబ్బు రౌండ్లకీ, కోచ్‌కీ పెట్టండి.

ఇంట్లో ఖాళీ పిస్టల్‌తో సాధన చేయొచ్చా?

చేయాలి. ట్రిగ్గర్ నేర్చుకునేది అక్కడే. ఫ్రంట్ సైట్ మీద ఒక నాణెం పెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ నొక్కడం పాత సాధన, ఇప్పటికీ మంచిదే. రోజుకి పది నిమిషాలు చాలు.

ఇక్కడ ఎంత జాగ్రత్త చెప్పినా తక్కువే. మ్యాగజైన్ తీసేయండి. స్లైడ్ లాగి, రౌండ్ కూర్చునే ఛాంబర్‌ను కంటితో చూడండి, వేలితో తడిమి చూడండి, మళ్లీ చూడండి. రౌండ్లన్నీ వేరే గదిలో పెట్టి తలుపు వేయండి. బుల్లెట్‌ను ఆపగలిగే దిక్కుకే గురి పెట్టండి, పక్క గదిలో మనుషులుంటే ఆ గోడ వైపు వద్దు. సాధన అయిపోయిందంటే అయిపోయినట్టే. పిస్టల్ తాళంలోకి వెళ్లాలి. "ఇంకొక్కసారి" అని మళ్లీ తీసినప్పుడే ప్రమాదం. .22 లాంటి అంచు మీద పేలే రకాలను ఖాళీగా నొక్కితే, రౌండ్‌ను కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ ఛాంబర్ అంచుకి తగిలి పాడవ్వొచ్చు, వాటికి డమ్మీ పెట్టుకోండి.

రోజుకి ఎన్ని రౌండ్లు?

చిన్న పిస్టల్‌తో యాభై చాలు. ఆ తర్వాత చెయ్యి నేర్చుకునేది నొప్పే. బొటనవేలి మొదట్లో, మణికట్టులో మంట మొదలైతే ఆ రోజుకి ఆపేయండి. వేళ్ల బలం కోసం మెత్తని బంతి నొక్కడం, బరువు పట్టుకుని నడవడం మంచివి. అయ్యాక సబ్బుతో, చల్లని నీళ్లతో చేతులు కడుక్కోండి. రేంజ్‌లో సీసం ధూళి ఉంటుంది, కడుక్కోకుండా ఏమీ తినకూడదు.

నా బుల్లెట్లన్నీ ఒకే వైపు పడుతున్నాయి. సైట్లు జరపనా?

ఇంకా వద్దు. ఐదేసి రౌండ్లు, మూడు గ్రూపులు కాల్చండి, ఒక్కో గ్రూపుకీ మధ్య కాసేపు విరామం ఇస్తూ. రంధ్రాలు దగ్గర దగ్గరగా, మూడుసార్లూ అదే చోట ఉంటే, ఇంకొకరితో కూడా కాల్పించండి. వాళ్లకీ అక్కడే పడితే సైట్లు జరపొచ్చు. చెల్లాచెదురుగా ఉంటే జరిపి లాభం లేదు. కుడిచేతివాళ్లకి ఎడమ కిందికి పడితే నూటికి తొంభై సార్లు ఫ్లించ్, లేదా ట్రిగ్గర్‌తోపాటు వేళ్లన్నీ బిగించడం. ఎడమచేతివాళ్లకి అదే కుడి కిందికి. తప్పు వెతకడానికి టార్గెట్‌ను దగ్గరికి తెచ్చుకోండి, 3 మీటర్లయినా సరే. దూరంగా పెట్టి కష్టపడడం వల్ల తప్పు కనిపించదు, అలసటే మిగులుతుంది.

వేగంగా రెండు షాట్లు ఎప్పుడు మొదలుపెట్టాలి?

5 మీటర్ల దగ్గర ఐదు రౌండ్లూ అరచేతిలో పట్టేంత చోట, వరసగా మూడు రోజులు పడ్డాక. అప్పుడు చూడాల్సింది టార్గెట్‌ను కాదు, ఫ్రంట్ సైట్‌ను. పేలినప్పుడు కళ్లు తెరిచి ఉంటే అది నిట్టనిలువుగా లేచి, తిరిగి గాడిలోకి దిగడం కనిపిస్తుంది. పక్కకి లేస్తే రెండు చేతుల పట్టు సమానంగా లేదు. దిగి, ఉండాల్సిన చోటు కంటే కిందికి పోతే మీరు దాన్ని బలవంతంగా తోస్తున్నారు. లేచిన చోటే ఆగిపోతే రెండో చెయ్యి పనిచేయడం లేదు. అది తనంతట తాను గాడిలోకి దిగాకే రెండోసారి నొక్కండి. మొదట్లో దీనికి ఒక సెకను, సెకనున్నర పట్టొచ్చు. సమయం చూసే పని కోచ్‌కి వదిలేసి, మీరు ఆ ఫ్రంట్ సైట్ లేచి దిగే దారినే చూస్తూ ఉండండి.